జారుడు

నా కుడి అరచెయ్యి ఎప్పుడూ తడిగా ఉంటుంది. ముగ్గురు డాక్టర్లకు చూపించాను. ఒకాయన టెన్షన్ అన్నాడు. ఒకావిడ థైరాయిడ్ పరీక్ష రాసింది. మూడో ఆయన, నలభై రెండేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోకపోతే ఒంట్లో ఇలాంటివే వస్తాయన్నాడు. ఆయన రాసిచ్చిన చీటీని ఆయన ఎదురుగానే నాలుగు ముక్కలు చేసి వచ్చేశాను. ఎడమ చెయ్యి మాత్రం పొడిగానే ఉంటుంది. అందుకని పనికి కూర్చునే ముందు కుడి చేతిని చుడీదారుకు తుడుచుకుంటాను, సుద్దపొడి రాసుకుంటాను, అప్పుడు ఆకురాయి పట్టుకుంటాను. నా బట్టలన్నిటికీ కుడి పక్కన తెల్లమరక ఉంటుందని బెంగళూరు పీణ్యలో మా వీధి వీధంతటికీ తెలుసు.

నా పేరు వెంకటలక్ష్మి. నేను చేసేది పిడులు. గేటు పిడి, ఆసుపత్రి మంచం పిడి, బస్సులో నిలబడ్డవాళ్ళు పట్టుకునే పిడి, మనిషి చెయ్యి వేసి పట్టుకునేది ఏదైనా సరే. జయరామప్పన్న ఫౌండ్రీలో అల్యూమినియం కరిగించి పోస్తారు. పోయడానికి ముందు అదే ఆకారాన్ని టేకు చెక్కతో చెయ్యాలి. దాన్ని ప్యాటర్న్ అంటాం. ఆ చెక్కను ఇసుకలో ఒత్తి పైకి తీస్తే గుంట మిగులుతుంది, ఆ గుంటలోకి కరిగిన లోహం వెళ్తుంది. మా నాన్న ఆంజనేయులు ఇదే బల్ల ముందు కూర్చుని ఇదే పని చేశాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

చెక్క ఇసుకలోంచి శుభ్రంగా పైకి రావాలంటే దాని పక్కలు నిట్టనిలువుగా ఉండకూడదు. కంటికి తెలియనంత వాలు ఉండాలి. లేకపోతే పైకి తీసేటప్పుడు చెక్క ఇసుకను పట్టుకుని చింపేస్తుంది. ఇంజనీర్లు దీన్ని డ్రాఫ్ట్ అంటారు. నాన్న జారుడు అనేవాడు. పని నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"పట్టుకునేది ఎవురైనా చేస్తారమ్మా. ఇడిసేదానికి జారుడు పెట్టినావా లేదా, అది చూస్కో."

ఇది మా పనిలో ఓనమాలు. జారుడు మర్చిపోయిన ప్యాటర్న్ మేకర్ అంటే పొయ్యి వెలిగించడం మర్చిపోయిన వంటావిడ. ఇరవై నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఈ మాట ఇప్పుడెందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

నేను కొలతలతో మొదలుపెట్టను. బంకమట్టి ముద్ద చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుంటాను. ఈ పిడి ఎవరు పట్టుకుంటారు, ఆ క్షణాన వాళ్ళకు ఎలా ఉంటుంది, అదే అనుకుంటూ కూర్చుంటాను. ఆసుపత్రి మంచానికి పిడి చేసినప్పుడు, కడుపు కోసి కుట్లు వేసిన మనిషి మొదటిసారి లేవబోతున్నట్టు అనుకున్నాను. మట్టి దానంతట అదే ఒదిగింది. తర్వాత కొలిచి చూస్తే ఎక్కడా దిద్దే పని లేదు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మా వదినతో పోట్లాడి వచ్చిన రోజు ఒక గేటు పిడి చేశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నెల తిరక్కుండా ఆ ఇంటాయన తిరిగి పట్టుకొచ్చి, "ఎందుకోనమ్మా, దాన్ని ముట్టుకుంటే ఇంట్లోకి పోబుద్ధి కాదు" అన్నాడు. జయరామప్పన్న నవ్వాడు. నేను నవ్వలేదు. మన లోపల ఉన్నది చేతిలోంచి వస్తువులోకి దిగుతుందని నాకు అప్పటికే తెలుసు.

కిందటేడు యశ్వంత్ చేరాడు. అనంతపురం కుర్రాడు, కుందలహళ్ళిలో రూమ్ తీసుకుని పీణ్య దాకా రోజూ రెండేసి గంటలు ప్రయాణం చేసి వస్తాడు. కంప్యూటర్‌లో డిజైన్ చేస్తాడు. నేను కళ్ళు మూసుకోవడం చూసి వాడికి మొదట్లో నవ్వు ఆగేది కాదు.

"అక్కా, ఇదంతా ఫీలింగ్ మీద చేస్తే రేపు మీరు లీవ్‌లో ఉంటే ఎవరు చేస్తారు? హ్యాండ్ సైజుల డేటా ఉంది, చార్ట్ ఉంది, దాన్ని ఫాలో అయితే చాలు."

"చార్టుకు చేతులుంటాయా నాయనా?" అన్నాను.

వాడు మంచివాడే. నా ముక్కు మీద కోపాన్ని ఓర్చుకున్నాడంటేనే మంచివాడు.

జూన్‌లో ఆ ఆర్డర్ వచ్చింది. చందాపుర దగ్గర స్కూల్ వ్యాన్లకు బాడీ కట్టే కంపెనీ ఒకటుంది. తలుపు దగ్గర మెట్టు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చిన్నపిల్లలు పట్టుకోవడానికి పిడి కావాలన్నారు. నాలుగేళ్ళ నుంచి ఆరేళ్ళ వయసు పిల్లల చేతికి సరిపోవాలి. నేను ఇన్నేళ్ళలో చిన్నపిల్లల చేతికి పిడి చెయ్యలేదు. వచ్చిన రెండు మూడు ఆర్డర్లను ఏదో వంక పెట్టి తప్పించుకున్నాను. ఈసారి జయరామప్పన్న వినలేదు.

"ఇది నువ్వే చెయ్యాల లక్ష్మమ్మా. యశ్వంతుది కూడా ఒకటి పంపిస్తాము. ఏది నచ్చుతాదో వాళ్ళే చూసుకోనీ."

పదిహేను రోజులు మట్టి ముట్టుకోలేదు. పదహారో రోజు పొద్దున్నే వచ్చి, ఎవరూ రాకముందే బల్ల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

నాకొక తమ్ముడు ఉండేవాడు. పండు అని పిలిచేవాళ్ళం. నాకు పదేళ్ళు, వాడికి ఐదేళ్ళు ఉన్నప్పుడు, బసవనగుడిలో కడ్లెకాయల పరిషె, అదే వేరుశనక్కాయల తిరనాళ్ళ రోజున తప్పిపోయాడు. కార్తీకంలో ఆఖరి సోమవారం, సాయంత్రం నాలుగింటికి. రోడ్డుకు రెండు పక్కలా కడ్లెకాయల కుప్పలు, మధ్యలో కాలు పెట్టడానికి చోటు లేనంత జనం. అమ్మ గాజుల దగ్గర బేరమాడుతోంది. వాడి చెయ్యి నా చేతిలో పెట్టి, వదలొద్దని చెప్పింది. చెయ్యి జారిపోయిందని నేను అందరికీ చెప్పాను. అమ్మకు, నాన్నకు, పోలీసులకు, ఏడేళ్ళ పాటు కనిపించిన ప్రతి చుట్టానికీ అదే చెప్పాను. వాడు దొరకలేదు. ముప్ఫై రెండేళ్ళయింది.

కళ్ళు తెరిచేసరికి మట్టి పిడి నా ముందు ఉంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. దాని మీద వేళ్ళు ఆనే గుంటలు నాలుగున్నాయి, ఒక్కొక్కటీ కడ్లెకాయంత. నా వేలు పెట్టి చూశాను. వేలి కొన కూడా దూరలేదు. నా చేత్తో నొక్కిన మట్టిలో నా వేలికన్నా సన్నటి గుంట ఎలా పడుతుంది? లేచి బయటికి వెళ్ళి టీ తాగి వచ్చాను. గుంటలు అలాగే ఉన్నాయి. నాకు భయం వేసింది, నిజమే. కానీ భయం కన్నా ఎక్కువగా ఆశ కలిగింది. దాన్ని ఉన్నదున్నట్టు చెక్కలోకి దించాను.

ఇసుక పని చేసేది చిక్కమునియప్ప మామ. నాన్న ఈడువాడు. నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు. ప్యాటర్న్‌ను ఇసుకలోంచి తీసి, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమి మామా?"

"ఇంత సులభంగా ఎప్పుడూ రాలేదు పాపా. నేను ఎత్తనే లేదు. ఇసుకే ఇడిసేసె." గుప్పెడు ఇసుక తీసి వాసన చూశాడు. "ఇసుకలో ఏమైనా కలిపినారా? కడ్లెకాయలు ఉడకబెట్టిన వాసన వస్తా ఉండాది."

"లేదు మామా" అన్నాను. నాకూ ఆ వాసన వచ్చింది.

మామ మనవరాలు వర్షిణికి ఆరేళ్ళు. బడి అయ్యాక ఫౌండ్రీకే వస్తుంది. మొదటి పోతలో వచ్చిన రెండు పిడులనూ గోడకు బిగించి, కింద మెట్టులా పీట వేసి దాన్ని పిలిచాం. యశ్వంత్ చేసిన పిడిని పట్టుకుని పైకి ఎక్కబోయింది, చెయ్యి పట్టు తప్పి కింద కూర్చుండిపోయింది. అది లేచి, నా పిడి పట్టుకుంది. అలాగే నిలబడిపోయింది.

"ఎట్లుందే?" అన్నాడు మామ.

"ఎవురో పట్టుకున్నట్టు ఉండాది తాతా."

అందరూ నవ్వారు. యశ్వంత్ చప్పట్లు కొట్టి, "అక్కా, ఒప్పుకున్నా" అన్నాడు. పిల్ల ఎంతకూ దాన్ని వదలకపోతే మామ చాక్లెట్ ఆశపెట్టి ఇంటికి తీసుకుపోయాడు.

కంపెనీ వాళ్ళు నలభై మంది పిల్లలతో పరీక్ష పెట్టించారు. నలభై మందీ నా పిడి దగ్గరే గుంపు కట్టారట. మూడు వందల వ్యాన్లకు ఆర్డర్ ఖాయమైంది. జయరామప్పన్న ఫౌండ్రీలో అందరికీ చౌచౌ బాత్ తెప్పించాడు. వస్తువులో ప్రాణం పెట్టానని నన్ను పొగిడాడు. ఆ మాటకు నాకు ముద్ద దిగలేదు.

ఎందుకంటే మొదటి పోతలో వచ్చిన పిడిని నేను నా సొరుగులో దాచుకున్నాను. రోజూ పొద్దున అందరికన్నా ముందు వచ్చి దాన్ని బయటికి తీసేదాన్ని. లోహం కదా, మొదట చల్లగా ఉంటుంది. నా చేతిలో కాసేపు ఉంచితే వెచ్చబడుతుంది. ఆ తర్వాత, ఎలా చెప్పాలి, అది నా చేతిని పట్టుకుంటుంది. గట్టిగా కాదు. జనంలో నడుస్తున్నప్పుడు చిన్నపిల్లలు మన చూపుడువేలును, మధ్యవేలును కలిపి పిడికిట్లో బిగిస్తారే, అలా. ముప్ఫై రెండేళ్ళ తర్వాత నా చేతిలో ఆ చెయ్యి ఉంది. ఎవరైనా వచ్చిన చప్పుడు వినిపిస్తే సొరుగులో పెట్టేసి, అరచెయ్యి తుడుచుకుని పనిలో పడేదాన్ని. ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. అది దాచను.

ఆగస్టులో ఫోన్లు మొదలయ్యాయి. పిల్లలు వ్యాన్ దిగడం లేదు, పిడి పట్టుకుని వేలాడుతున్నారు అని. జయరామప్పన్న మురిసిపోయాడు. "చూసినావా, ఇంటికి పోయేది కూడా మర్చిపోతా ఉండారు పిల్లోళ్ళు!" తర్వాత వచ్చిన ఫోన్లు వేరే రకంగా ఉన్నాయి. పిల్లలు ఏడుస్తున్నారట, చెయ్యి రావడం లేదని.

సెప్టెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం అత్తిబెలె దారిలో ఒక బాబు వ్యాన్ దిగాడు. ఐదేళ్ళవాడు. రెండు కాళ్ళూ రోడ్డు మీద పెట్టాడు, చెయ్యి మాత్రం పిడి మీదే ఉంది. అందరూ దిగారనుకుని డ్రైవర్ బండి కదిలించాడు. వాడు పది అడుగులు వ్యాన్ వెంట పరిగెత్తి, ఆ తర్వాత పడిపోయి ఈడ్చుకుపోయాడు. అప్పుడు కూడా చెయ్యి వదల్లేదు. లోపలి పిల్లలు కేకలు పెడితే డ్రైవర్ బ్రేకు వేశాడు. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి, అంతటితో బతికిపోయాడు. ఆ వ్యాన్‌లో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ పేరు నేత్రావతి. ఆమె కంపెనీ వాళ్ళతో కలిసి మా ఫౌండ్రీకి వచ్చి, మెట్ల మీదే కూర్చుని చెప్పింది.

"ఒక్కొక్క వేలే తీసినానమ్మా. ఈ వేలు తీసేలోపల ఆ వేలు మళ్ళా ముడుచుకుంటా ఉండె. పిల్లోడు ఇడిసేస్తానని ఏడుస్తా ఉండాడు. వాడి వేళ్ళు కావు అవి."

భయపడిపోయిందేమో పాపం అని జయరామప్పన్న ఆమెకు కాఫీ తెప్పించాడు. నేను నా బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. సొరుగు తెరవలేదు.

యశ్వంత్ ప్యాటర్న్‌ను స్కాన్ చేశాడు. చాలాసేపు స్క్రీన్ చూసి, నన్ను పిలవకుండా తనే నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అక్కా, స్కానర్ ప్రాబ్లమ్ అనుకుంటా. వేళ్ళ దగ్గర డ్రాఫ్ట్ జీరో చూపిస్తోంది."

నాకు ఒళ్ళు మండింది. "నేను జారుడు మర్చిపోయానంటావా? నిన్న కాక మొన్న పుట్టి నాకు చెబుతావా?" అని మూలమట్టం తీసుకుని చెక్క మీద ఆనించాను. వెలుతురుకు ఎత్తి చూశాను. మూలమట్టానికీ చెక్కకూ మధ్య సందు ఉండాలి. లేదు. నాలుగు గుంటల పక్కలూ నిట్టనిలువుగా ఉన్నాయి. ఇరవై నాలుగేళ్ళలో చెయ్యని తప్పు, ఈ పని తెలిసిన ఏ మనిషీ చెయ్యని తప్పు చేశాను. ఆ చెక్కను పైకి తీస్తే ఇసుక చిరిగిపోవాలి. చిరగలేదు. మూడు వందల సార్లు చిరగలేదు.

ఆ రోజే ఆకురాయి తీసుకుని, రాయిలా మొండికేసిన చెక్కకు ఒకటిన్నర డిగ్రీ వాలు పెట్టాను. మూలమట్టంతో చూశాను, సందు కనిపించింది. మర్నాడు పొద్దున చూస్తే సందు లేదు. వానాకాలం, చెక్క ఉబ్బిందేమో అన్నాడు యశ్వంత్. వాడే కంప్యూటర్‌లో వాలు పెట్టి మిషన్ మీద కొత్త ప్యాటర్న్ కోయించాడు. దాన్ని ఇసుకలో ఒత్తి పోసి తీసిన పిడిని కొలిస్తే మళ్ళీ సున్నా. వాడు మూడుసార్లు కొలిచాడు. ఆ తర్వాత ఆ పిడిని బల్ల మీద బోర్లా పెట్టి దాని మీద గుడ్డ కప్పేశాడు. చార్టు గురించి ఆ రోజు నుంచి మాట్లాడలేదు.

సాయంత్రం వర్షిణి వచ్చింది. నేను వద్దనేలోపలే గుడ్డ తీసి పిడి పట్టుకుంది. పట్టుకున్నట్టే ఉండి, రెండో చేత్తో గుంజుకుని, పోరాడి, విడిపించుకుంది. అరచేతిని గౌనుకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"ఏమైందే?"

"వాని చెయ్యి తడిగా ఉండాది అత్తా. జిడ్డుజిడ్డుగా. నాకు బేజారు."

ఆ తడిచెయ్యి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, నాన్నకు చెప్పలేదు. 'వాడు' ఉన్నాడని ఆ పిల్లకు చెప్పిందెవరు? అది తుడుచుకున్న తీరు చూస్తూ నిలబడిపోయాను. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. అది నా తీరే.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. మిషన్లు ఆగిపోయాయి. మామ ఒక్కడే ఇసుక పెట్టెల దగ్గర డబ్బా విప్పుకుని తింటున్నాడు. ఆ సోమవారం నాన్నతో కలిసి రాత్రంతా బసవనగుడి వీధులు వెతికినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మామ ఒక్కడే. సొరుగులోంచి పిడి తీసుకుని వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాను.

"మామా, పండు చెయ్యి జారలేదు."

ఆయన తినడం ఆపాడు.

"దీపావళికి కుట్టించిన ఆకుపచ్చ పట్టుపావడ కట్టుకున్నాను. వాడు ఉడకబెట్టిన కడ్లెకాయలు తింటూ ఆ నీళ్ళ చెయ్యి నాకిచ్చాడు. నాకు అసహ్యమేసింది. విడిపించుకోబోతే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఛీ వదలరా అని విదిలించి కొట్టాను. చెయ్యి పావడకు తుడుచుకున్నాను. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. అంతే మామా. తల ఎత్తేసరికి లేడు. చెయ్యి తుడుచుకోవడానికి ఎంతసేపు పడుతుంది? వాడు వదల్లేదు. నేనే వదిలేశాను."

ఆ మాట బయటికి వచ్చాక నేను ఏడ్చాను. నలభై రెండేళ్ళ మనిషిని, ఇసుకలో కూర్చుని, ముక్కు చీదుకుంటూ పదేళ్ళ పిల్లలాగా ఏడ్చాను. మామ చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"మీ నాయనకు తెలుసు పాపా."

నేను తలెత్తి చూశాను.

"ఆ పొద్దు నీ పావడ మీద తడి మరక ఉండె. అయిదు వేళ్ళూ తుడిచిన మరక. మీ నాయన చూసినాడు. మీయమ్మ కంటబడకుండా తానే ఆ పావడ ఉతికి ఆరేసినాడు. పదేండ్ల బిడ్డ, దాన్ని ఏమీ అడగొద్దురా మునియప్పా అన్నాడు నాతో. సచ్చేదాకా అడగలే."

నాన్న ఎప్పుడూ బట్టలు ఉతికి ఎరగడు. ఆ వారంలో ఒకరోజు దండెం మీద నా ఆకుపచ్చ పావడ తిరగేసి ఆరేసి ఉండటం నాకు గుర్తుంది. మొదటి రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని జారుడు గురించి చెప్పిన ముఖమూ గుర్తుంది. ఆయన చెక్క గురించే చెబుతున్నాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

చేతికి సుద్ద రాసుకోకుండా, తుడుచుకోకుండా ఆ పిడిని పట్టుకున్నాను. వెచ్చబడింది. నా రెండు వేళ్ళ చుట్టూ ఆ బిగింపు వచ్చింది.

"పండూ," అన్నాను. "నేనే విదిలించాను రా. జారిపోయిందని అబద్ధం చెప్పాను. నీ తప్పేం లేదు. ఆ పిల్లల్ని పట్టుకోకు. వాళ్ళు నీ అక్కలు కారు."

ఏమీ జరగలేదు. గోడ మీద ఫ్యాన్ తిరుగుతోంది, మామ కళ్ళు మూసుకుని ఉన్నాడు. కాసేపటికి ఒక చిన్న వేలు సడలింది. తర్వాత ఇంకొకటి. నాలుగూ అయ్యాక నా చేతిలో ఉన్నది ఒట్టి అల్యూమినియం ముక్క, చల్లగా.

ఆ మధ్యాహ్నమే ప్యాటర్న్‌ను బల్లకు బిగించి ఆకురాయి వేశాను. చెక్క ఇంతకుముందులా రాయిలాగా లేదు, మామూలు టేకులాగా పొడి రాల్చింది. ఒకటిన్నర డిగ్రీ. ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాను. మర్నాడు చూస్తే సందు ఉంది. మూడో రోజూ ఉంది.

జయరామప్పన్న దగ్గరికి వెళ్ళి మూడు వందల పిడులూ వెనక్కి తెప్పించమన్నాను. పరువు పోతుందన్నాడు. ఇంకొక బిడ్డ రోడ్డు మీద ఈడ్చుకుపోతే అప్పుడు ఏం పోతుందని అడిగాను. నా ముఖం చూసి ఫోన్ తీసుకున్నాడు. యశ్వంత్ మాత్రం రిపోర్టు ముందు పెట్టుకుని తల పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, కాజ్ అని ఒక కాలమ్ ఉంది. కారణం ఏమని రాయాలి?"

"జారుడు పెట్టడం మర్చిపోయారని రాయి. నా పేరే రాయి."

రాశాడు. ఇరవై నాలుగేళ్ళలో నా పేరున పడిన మొదటి తప్పు అది. అది కాగితం మీదికి ఎక్కినందుకు నాకు ఊపిరి కొంచెం తేలికైంది.

వెనక్కి వచ్చిన పిడులన్నిటినీ కరిగించారు. నా సొరుగులోది ఆఖరున నేనే వేశాను. అల్యూమినియం లోపల ముందు కరుగుతుంది, పైన పొర మాత్రం కాసేపు ఆకారం నిలుపుకుంటుంది. ఎన్ని వేల సార్లు చూశానో ఇది. ఈసారి ఆ పొర మామూలుకన్నా ఎక్కువసేపు నిలబడింది. నాలుగు గుంటలూ ఎర్రటి వెలుగులో స్పష్టంగా కనిపించాయి. మామ గరిటె పట్టుకుని, కదపకుండా, నా కోసం ఆగాడు. అది కుంగిపోయాక కదిపాడు.

కొత్త పిడిని గోడకు బిగించిన రోజు సాయంత్రం వర్షిణిని పిలిచాం. అది రానని మొరాయించింది. మామ బతిమాలి తీసుకొచ్చాడు. భయంభయంగా ఒక వేలు పెట్టింది, తర్వాత చెయ్యంతా వేసి పట్టుకుంది. పైకి ఎక్కింది, దిగింది, వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది, వదిలేసింది. దానికది ఆటైపోయింది. యశ్వంత్ ఎన్నిసార్లో లెక్కపెడుతున్నాడు. జయరామప్పన్న దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నాడు.

నేను పిల్ల దగ్గరికి వెళ్ళి వంగాను. ఎవరికీ వినపడకుండా అడిగాను.

"వాడు ఉండాడా?"

వర్షిణి పిడి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "ఈడ లేడు."

గుండెలో ఏదో ఖాళీ అయింది. మంచిదే కదా అనుకున్నాను. పిల్లలు బతుకుతారు. నేను చెయ్యాల్సింది చేశాను. ఇంక ఇంటికి వెళ్దామని లేచాను. వర్షిణి నన్నే చూస్తోంది. నన్ను కాదు, కొంచెం కిందికి, నా కుడి పక్కకు చూస్తోంది.

"ఈడ ఉండాడు కదత్తా," అంది. "నీ చెయ్యి పట్టుకోనుండాడు."

అరచెయ్యి తడిగా ఉంది. ఎప్పటిలాగే తుడుచుకోవడానికి చెయ్యి చుడీదారు దాకా వెళ్ళింది.

ఆగిపోయాను. తుడుచుకోలేదు. చేతిని కొంచెం కిందికి, ఐదేళ్ళ పిల్లవాడికి అందేటంత కిందికి దించి, అలాగే పట్టుకుని గేటు దాటి జనంలోకి నడిచాను.